పెంచలయ్య హస్తవాసి

నెల్లూరులో పెంచలయ్య అనే పేరుమోసిన సర్జన్ ఉండేవాడు. ఆయనకు పనిలో ఎంత నేర్పుందో, మనసులో అంత గర్వం ఉండేది. కడుపు క్యాన్సర్ ఆపరేషన్ గంటన్నరలో ముగించి కాఫీకి వెళ్ళిపోయేవాడు. "డాక్టరుగారి హస్తవాసి మంచిది" అని జనం అంటే, అందరికంటే ముందు తానే తల ఊపేవాడు.

అదే ఆపరేషన్ తర్వాత జపాన్‌లో ఎక్కువమంది బతుకుతున్నారని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "మనవాళ్ళు ఆలస్యంగా వస్తారు, పైగా కారం తింటారు. నా తప్పేముంది?" అనేవాడు. ఆలస్యంగా వస్తారన్న మాట నిజమే. మరి తొందరగా వచ్చినవాళ్ళు కూడా ఎందుకు పోతున్నారో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

ఒకసారి జపాన్ నుంచి హిరానో అనే పెద్ద సర్జన్ ఆ ఆసుపత్రి చూడడానికి వచ్చింది. ఆ రోజు మస్తానమ్మకు ఆపరేషన్. ఆమె బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. రోగం తొందరగానే బయటపడింది.

"బళ్ళు తెరిచేపాటికి నేను పొయ్యికాడ ఉండాల సార్. నన్ను బతికించండి" అని దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళింది.

పెంచలయ్య చకచకా క్యాన్సర్ ఉన్న భాగం కోసి పళ్ళెంలో పెట్టాడు. ఆయన కుట్లు వేయబోతుంటే, హిరానో ఆ పళ్ళెం ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. తీసిన భాగం చుట్టూ ఉన్న కొవ్వును వేళ్ళతో తడుముతూ, కందిగింజంత లింఫ్ గ్రంథులను ఒక్కొక్కటే ఏరసాగింది.

"అది ల్యాబ్ వాళ్ళ పనమ్మా" అని నవ్వాడు పెంచలయ్య.

"మా ఆసుపత్రిలో కోసినవాళ్ళే ఏరాలి" అంది హిరానో. "క్యాన్సర్ ముందుగా పాకేది ఈ గ్రంథుల్లోకే. ఇక్కడ తొమ్మిదే ఉన్నాయి. పాతికైనా ఉండాలే! మిగతావి ఎక్కడున్నాయి డాక్టరుగారూ?"

పెంచలయ్య చేతిలో సూది ఆగిపోయింది. మిగతావి మస్తానమ్మ కడుపులోనే ఉన్నాయి. నర్సులందరూ చూస్తున్నారు. సిగ్గుతో ఆయన తల వాలిపోయింది. ఇప్పుడు కుట్టేస్తే పరువు దక్కుతుంది, కానీ మనిషి దక్కదేమో.

ఆయన సూది పక్కన పెట్టేశాడు.

"ఎక్కడ వెతకాలో చూపించండమ్మా, నేర్చుకుంటాను" అన్నాడు.

మరో రెండున్నర గంటలు పట్టింది. రక్తనాళాల వెంట ఉన్న గ్రంథులన్నీ తీశారు. ల్యాబ్‌లో చూస్తే, రెండోసారి తీసిన వాటిలో రెండింటికి క్యాన్సర్ పాకి ఉంది!

ఆనాటి నుంచి పెంచలయ్య ప్రతి ఆపరేషన్‌లోనూ గ్రంథులన్నీ తీసి, తానే కూర్చుని ఏరి లెక్క చూసుకునేవాడు. ఐదేళ్ళ తర్వాత చూస్తే, ఆయన చేతిలో బతికినవాళ్ళు మునుపటికి రెట్టింపయ్యారు. వాళ్ళలో మస్తానమ్మ కూడా ఉంది.

"మూడొందలమందికి వండి వస్తన్నా సార్!" అంటూ ఆమె వార్డులోకి నడిచి వస్తే, నర్సులంతా చప్పట్లు కొట్టారు. పెంచలయ్య ఆనందం పట్టలేక కళ్ళు తుడుచుకున్నాడు.

నీతి: మనకంటే మేలుగా చేసేవాళ్ళు కనబడితే సాకులు వెతకకూడదు; సిగ్గుపడకుండా వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.