ఎల్లుండి వచ్చిన నొప్పి

ఇప్పకోన అడవిలో కణితులనే పెద్ద దుప్పులు, కొండగొర్రెలు, కుందేళ్లు, ఒక ముసలి ఎలుగుబంటి కలిసి ఉండేవి. ఎండాకాలం రాగానే అక్కడి కింది వాగు ఎండిపోయేది. అప్పుడు అన్నీ నిట్టగుట్ట ఎక్కి, పైనున్న దోన దగ్గరికి మకాం మార్చేవి. దోన అంటే బండల మధ్య నీళ్లు నిలిచే గుంట. ఎంత ఎండ కాసినా అది ఎండేది కాదు.

ఆ మందకొక కట్టుబాటు ఉంది. మకాం మార్చే రోజు తెల్లవారగానే ఒక్కరే ముందుగా గుట్ట ఎక్కాలి. పైన మందల్ని వేటాడే రేచుకుక్కలు లేవని చూసుకుని, మళ్లీ కిందికి దిగివచ్చి, మందకు ఎదురుగా నిలబడాలి. అప్పుడే మంద కదలాలి. పైనుంచి అరవకూడదు. అరిస్తే ముందు వినేవి రేచుకుక్కలే మరి! ఆ ఒక్కరినీ ‘ముందునడక’ అనేవి.

ఆ ఏడు ముందునడక తనే కావాలని జగ్గులు అనే కుర్ర కణితికి మహా కోరిక. కొమ్ములు చూస్తే ఘనంగా ఉండేవి. పని చూస్తే, చలికాలమంతా నీడలో పడుకుని నెమరు వేయడమే. ఒక్కోసారి బద్ధకమేసి ఆ నెమరు కూడా మధ్యలో ఆపేసేది.

చెంగి అనే చిన్న కొండగొర్రెకూ అదే కోరిక. అది నెల ముందే మొదలుపెట్టింది. మొదటిరోజు మొదటి మలుపుదాకా ఎక్కి దిగింది. మూడోరోజుకు పిక్కలు పట్టేశాయి. అయినా అది పడుకోలేదు, పరుగెత్తనూ లేదు. రెండు రోజులు చదునునేల మీద మెల్లగా తిరుగుతూ మేసింది. నొప్పి తగ్గాక రెండో మలుపుదాకా వెళ్లింది. అలా నెల తిరిగేసరికి దోనదాకా ఎక్కి దిగినా దాని కాళ్లు ఏమీ అనేవి కావు.

జగ్గులు ఊరుకుంటుందా? “ఏమే చెంగీ, గుట్ట ఎక్కుతున్నావా, కొలుస్తున్నావా?” అని ఏడిపించేది.

“కాళ్లకు అలవాటు చేస్తున్నానన్నా. నువ్వూ రాకూడదూ?”

“అలవాట్లు నీలాంటి పుల్లకాళ్ల వాళ్లకే. నాకు ఒక్కరోజు చాలు.”

మకాం మార్పు ఎల్లుండి అనగా ఆ ఒక్కరోజు వచ్చింది. మందంతా చూస్తుండగా జగ్గులు ఐదుసార్లు గుట్ట ఎక్కింది. ఐదుసార్లూ బండ మీంచి బండ మీదికి దూకుతూ దిగింది. కుందేళ్లు నోళ్లు వెళ్లబెట్టాయి.

“చూశావా తాతా, ఒక్క నొప్పి లేదు!” అంది జగ్గులు ఎలుగుబంటితో.

“ఇవాళ్టి పనికి నొప్పి ఇవాళే రాదు నాయనా,” అంది ఎలుగుబంటి. “ఎక్కడం ఒక ఎత్తు, అలా దూకుతూ దిగడం ఒక ఎత్తు. తొడలను పిండేది ఆ దిగుడే. రేపు కాస్త తెలుస్తుంది. ఎల్లుండి పూర్తిగా తెలుస్తుంది.”

“అదేం నొప్పి తాతా? దూరపు చుట్టమా, రెండు రోజులు నడిచి రావడానికి?”

మంద పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే జగ్గులును ముందునడకగా ఎన్నుకుంది. చెంగి తల దించుకుని మేతకు పోయింది.

మర్నాడు పొద్దున జగ్గులు లేవబోయింది. తొడలు ఎండుకట్టెల్లా బిగుసుకున్నాయి. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. ఎలుగుబంటి చూడనే చూసింది.

“నొప్పిగా ఉంటే చెప్పేయ్ నాయనా. రేపు చెంగి వెళ్తుంది. నొప్పి రావడం తప్పు కాదు, దాచడమే తప్పు.”

“నాకా? నొప్పా?” అంటూనే జగ్గులు చెట్టుకు ఆనుకుంది.

ముల్లును ముల్లుతోనే తీయాలనుకుందో ఏమో, తాత అటు వెళ్లగానే మళ్లీ గుట్ట మీదికి పరుగు తీసింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

మూడోరోజు తెల్లవారింది. జగ్గులు పళ్లు బిగించి ఎలాగో గుట్ట ఎక్కింది. బండ చాటు నుంచి తొంగిచూసింది. దోన చుట్టూ ఎనిమిది రేచుకుక్కలు పడుకుని ఉన్నాయి!

చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి, కిందికి ఒక్క అడుగు వేసింది. తొడలు గజగజ వణికాయి, మోకాళ్లు మడతపడ్డాయి. ఒక రాయి దొర్లింది. ఒక కుక్క చెవులు రిక్కించింది. జగ్గులు బండ వెనక నక్కి ఊపిరి బిగబట్టింది. దిగలేదు. అరవలేదు. దూరపు చుట్టం అప్పుడు వచ్చింది, మూటాముల్లెతో సహా.

కింద ఎండ ముదిరింది. పిల్లలు దాహంతో ఏడుస్తున్నాయి.

“ఇంకెంతసేపు? పోదాం పదండి,” అంది ఒక తల్లి కణితి.

“ఆగు పిన్నీ,” అంది చెంగి. “నేను చూసివస్తాను. అందాకా ఎవరూ కదలొద్దు.”

అది చకచకా ఎక్కి జగ్గులును కనిపెట్టింది.

“చెల్లీ, ఎనిమిదున్నాయి,” అని గుసగుసలాడింది జగ్గులు. “నేను దిగలేను. ఈ కాళ్లు నా మాట వినడం లేదు.”

ఇంకెవరైనా అయితే అప్పుడు ఒక్క దెప్పు మాటైనా అనేవారు. చెంగి అనలేదు. “కదలకన్నా. గాలి మనవైపే వీస్తోంది, నీ వాసన వాటికి అందదు,” అని చెప్పి దిగిపోయింది.

అప్పటికే మంద కట్టుబాటు మరిచి మొదటి మలుపు దాటేసింది. చెంగి దారికి అడ్డంగా నిలబడి తల అడ్డంగా ఊపింది. మందంతా చప్పుడు లేకుండా వెనుదిరిగి పొదల్లో దూరింది.

జగ్గులు పగలంతా ఆ కాలుతున్న బండ వెనకే ఉంది. నీళ్లు కళ్లెదుటే మెరుస్తున్నాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. ‘రేపు చెంగి వెళ్తుంది’ అన్న తాత మాటకు నిన్న ‘సరే’ అని ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది. ఒక్క చిన్న మాట!

పొద్దు వాలాక రేచుకుక్కలు గుట్ట దిగి అవతలి అడవికి తరలిపోయాయి. చెంగి మళ్లీ ఎక్కి చూసి, దిగివచ్చి, మందకు ఎదురుగా నిలబడింది. అన్నీ పైకి వచ్చి కడుపునిండా తాగాయి. జగ్గులు కుంటుకుంటూ చేరేసరికి అన్నీ తొక్కి నీళ్లు బురదయ్యాయి. అవే తాగింది.

“నా కాళ్లు పాడైపోయాయా తాతా?” అని అడిగింది.

“లేదురా. అలవాటు లేని పని మీద పడితే కండలు నలుగుతాయి. అవే బాగుపడతాయి. వాటికి నువ్వు వ్యవధి ఇవ్వలేదు, అంతే.”

“అయితే ఇక్కడే పడుకుని ఉండిపోనా?”

“పడుకునే ఉంటే ఇంకా బిగుసుకుంటాయి. మెల్లగా ఈ ఒడ్డునే నాలుగడుగులు వెయ్యి. నీళ్లు తాగు, బాగా మేయి, లేత ఎండలో కాళ్లు కాచుకో, నిద్రపో. మూడు నాలుగు రోజుల్లో పోతుంది. వాపు వచ్చినా, రోజులు గడిచినా తగ్గకపోయినా మాత్రం నాకు చెప్పు. దాచకు.”

ఆ తర్వాత ఐదోరోజు పొద్దున జగ్గులు దోన పక్కనున్న చిన్న దిబ్బ ఎక్కి, నింపాదిగా దిగింది. ఒక్కసారే.

“అంతేనా అన్నా?” అని కుందేళ్లు కిసుక్కున నవ్వాయి.

“ఇవాళ్టికి ఇంతే,” అంది జగ్గులు. చెంగి పక్కకు జరిగి దానికి లేతగడ్డిలో చోటిచ్చింది.

నీతి: అలవాటు లేని ఒంటికి పనిని కొంచెం కొంచెంగా నేర్పాలి, నొప్పి వస్తే దాచకుండా, తగ్గేదాకా ఓపిక పట్టాలి.