మెట్లు మరిచిన మేడ

పరీధావి నామ సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, బుధవారం. ఉదయం సరిగ్గా ఎనిమిది గంటలకు గుమ్మలూరు రాజావారికి ఒక ముచ్చట పుట్టింది. కొత్త మేడలో పాలు పొంగాయి, గృహప్రవేశం అయింది. ఇక ఆ మేడకు పటం గీసినవాడి పేరు రాతిపలక మీద చెక్కించాలి.

"పటం ఎవరిదయ్యా?" అని అడిగారు.

మద్రాసులో చదివొచ్చిన ఇంజనీరు జగన్మోహనరావు టోపీ తీసి వంగాడు.

"తమ సేవకుడిదే ప్రభూ! ప్రతి గదీ, ప్రతి మెట్టూ నేనే గీశాను. ఈ లింగాచారి సున్నం కలిపించాడంతే."

మూడేళ్ళు కళ్ళు పోయేలా ఆ పటం గీసింది నిజానికి స్థపతి లింగాచారిగారు. కానీ ఆ మాట పైకి అనడానికి ఒక చిక్కు ఉంది. పనివాళ్ళు వెదురు పరంజా విప్పింది నిన్ననే. ఇన్నాళ్ళూ ఆయన దాని మీదుగానే పైకెక్కి దిగారు. ఇప్పుడు చూస్తే మేడకు మెట్లే లేవు! పటంలో గీయడమే మరిచిపోయారు.

'కామాక్షీ తల్లీ, ఎంత గొప్ప స్థపతిని పుట్టించావమ్మా!' అనుకున్నారు.

నోరు మూసుకుంటే పేరు పోతుంది. విప్పితే పరువు పోతుంది. పరువుదేముంది, ఇంట్లో ఆవిడ ముందు రోజూ పోయేదే!

"ప్రభూ, ఇంజనీరుగారు తాము గీసిన మెట్ల మీదుగా తమరిని పైకి తీసుకువెళితే చూడాలని ఉంది," అన్నారు.

"దయచేయండి!" అని ఇంజనీరు ముందు నడిచాడు. హాలు దాటాడు. పూజగది దాటాడు. వెనక వసారాలోకి వెళ్ళి మళ్ళీ హాల్లోనే తేలాడు. ఒక తలుపు లాగితే గోడబీరువా.

మూడో చుట్టులో రాజావారు ఆగిపోయారు.

"ఏమయ్యా, ఇది గృహప్రవేశమా, ప్రదక్షిణమా?"

"మెట్లు... ఇక్కడే ఎక్కడో ఉండాలి ప్రభూ," అని ఇంజనీరు చెమటలు తుడుచుకున్నాడు.

లింగాచారిగారు చేతులు కట్టుకున్నారు.

"లేవు ప్రభూ. పటం నాది. మెట్లు లేని మేడ కట్టే బుర్ర ఈ సంస్థానంలో నాకు కాక ఇంకెవరికుంది?"

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. తమ శాలువా తీసి ఆయన భుజాన కప్పారు.

"నీ మతిమరుపే గట్టి సాక్ష్యమయ్యా! పేరు నీదే. కానీ పలక మేడ మీద పెట్టిస్తాను. చూసుకోవాలంటే ముందు మెట్లు కట్టు!"

మర్నాడు పొద్దున్నే లింగాచారిగారింట్లో గౌరమ్మగారు పూజ ముగించి, హారతి తెచ్చి, భర్త చేతికి ముగ్గుగిన్నె అందించారు.

"శాలువా తరవాత కప్పుకుందురుగాని, ముందు మెట్లు గీయండి."

ఆయన వాకిట్లో గీస్తుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి లెక్కపెట్టారు. పదిహేడు మెట్లూ పూర్తయ్యాకే ఆవిడ చద్దన్నం వడ్డించారు.