వంత లేని పాట

అనగనగా ఓ రాజ్యంలో గవరయ్య అనే కథకుడు ఉండేవాడు. చరణంలో మొదటి సగం అతను పాడితే, రెండో సగం వంత పాడే పైడమ్మ అందుకునేది. పాటలు కట్టేదీ ఆమే. డోలు వాయించేది సింహాద్రి. రాజుగారి యుద్ధం మీద ఆమె కట్టిన పాట ఊరూరా మోగిపోతుంటే, రాజు వాళ్లని కొలువుకు పిలిపించాడు.

"పాటంతా నాదే ప్రభూ. ఈ పైడమ్మ, ఆ డోలు సింహాద్రి ఊరికే పక్కన కూర్చుంటారు. కొలువు నాకొక్కడికే ఇప్పించండి, వీళ్లని ఇంటికి పంపేద్దాం," అన్నాడు గవరయ్య.

"అయితే ఒక్కడివే పాడు."

పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సింహాద్రి డోలు పక్కన పెట్టేశాడు.

"బాణాల వానలో మన రాజు గుర్రాన్ని వెనక్కి తిప్పాడూ..." అని గవరయ్య సాగదీసి, అలవాటు ప్రకారం ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఎవరూ అందుకోలేదు. ఆ తర్వాతి మాటలు అతనెన్నడూ నేర్చుకోలేదు.

రాజు ముఖం ఎర్రబడింది. "నేను పారిపోయానంటావా?"

"నేను కట్టలేదు ప్రభూ, ఈ పైడమ్మ కట్టింది."

"ఇందాక అంతా నీదేనన్నావుగా?"

పైడమ్మ కొంగు తీసి అందుకుంది. "పడిపోయిన బంటును జీను మీదికెత్తుకున్నాడూ..."

రాజు చల్లబడ్డాడు. "ఆ ముక్క ముందే పాడొచ్చుగా, అమ్మా?"

"పాడితే పాట ఆయనొక్కడిదే కాకుండా పోతుంది కదా ప్రభూ."

రాజు నవ్వేశాడు. "కొలువు ముగ్గురికీ ఇస్తున్నాను. మీరిద్దరూ లేకపోతే ఇతను పాడిన ప్రతి ఊళ్లోనూ నేను పారిపోతూనే ఉంటాను."