సెలవు తీసుకోని బృహస్పతి

ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు, చెప్పకపోతే మనకు పోయేదేమీ లేదు. ఆ రాజ్యపు కొలువులో బాచన్న అనే హాస్యగాడు ఉండేవాడు. ఆయనకు ఒక గొప్ప సుగుణం ఉంది. అడిగినవాణ్ణి ఏనాడూ ఉత్త చేతులతో పంపలేదు. ఆకాశంలో ఏ చుక్కను చూపించి పేరడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. తెలిస్తే అసలు పేరు, తెలియకపోతే తన అత్తవారి ఊళ్ళో ఎవరిదో ఒకరిది. ఎర్రగా మెరిసే చుక్క ఒకటి అక్కడ ఇప్పటికీ ఆయన బావమరిది పేరుతోనే చెలామణీ అవుతోంది.

గురువు ముందు కూర్చుని నేర్చుకున్న చదువు కాదది. రేవులో దిగిన ఓడ బేరగాడొకడు బాచన్న కబుర్లకు మురిసిపోయి ఒక దుర్భిణి ఇచ్చాడు. "మా దేశంలో ఇది ఉన్నవాడు సాయంత్రం వీధిలో పెట్టుకుని, దారినపోయేవాళ్ళను పిలిచి మరీ చుక్కలు చూపిస్తాడు. నేను దిగిన ప్రతి రేవులోనూ అలాంటి పిచ్చివాడు ఒకడు ఉన్నాడు" అన్నాడు. ఈ రాజ్యానికి ఆ లోటు బాచన్న తీర్చాడు.

పొద్దుగూకగానే సంత మైదానంలో దుర్భిణి నిలబెట్టేవాడు. జనం వరస కట్టేవారు. అట్లు పోసుకునే పోలవ్వ ఆ పక్కనే పొయ్యి పెట్టుకుంది కనుక వరసలో ఎప్పుడూ మొదటిది ఆమే.

"అవ్వా, గొట్టం పట్టుకోకు. కన్ను మాత్రం ఆనించు."

"పిండి చేతులయ్యా, పట్టుకోనులే... ఓర్నాయనో! ఇదేంటిది, పెద్ద చుక్క పక్కన నాలుగు పిల్ల చుక్కలు! కోడి వెంట పిల్లల్లాగా!"

"బృహస్పతి అవ్వా. ఆ నాలుగూ ఆయన పరివారం."

"వాటి పేర్లేంటి?"

బాచన్న తన మేనత్త కొడుకులు నలుగురి పేర్లూ చెప్పేశాడు.

ఈ వార్త కోటకు చేరింది. గజసింహ భూపాలుడికి అన్నం సయించలేదు. తన ఏలుబడిలో అట్లమ్మే ముసలిది తనకంటే ముందు బృహస్పతిని చూడటమా! మర్నాటి సాయంత్రానికల్లా దుర్భిణిని మేడమీదికి తెప్పించాడు.

ఆ కొలువులో ఒక మర్యాద ఉంది. రాజుగారు సెలవిస్తేనే ఎదుటివాడు కదలాలి, అదీ వీపు చూపకుండా వెనక్కి నడుస్తూ. ఒకసారి సేనాపతికి కడుపులో తిప్పింది. రాజుగారు తన వేట కథ ముగించేదాకా నిలబడే ఉన్నాడు. తరవాతి సంగతి ఆయన బట్టలుతికినవాళ్ళకే తెలుసు.

రాజుగారు కిరీటం సవరించుకుని దుర్భిణికి కన్ను ఆనించారు.

"ఆహా! వచ్చాడు. మా దర్శనానికి పరివారంతో సహా వచ్చాడు" అని మీసం దువ్వుకున్నారు. దువ్వుకుంటూ ఉండగానే బృహస్పతి మెల్లగా పక్కకు జరిగాడు. అంచుదాకా వెళ్ళాడు. మాయమయ్యాడు.

రాజుగారి ముఖం జేవురించింది.

"వెళ్ళిపోయాడు! సెలవైనా అడక్కుండా వెళ్ళిపోయాడు!"

అప్పుడు ఆస్థాన జ్యోతిష్కుడు సర్వేశ్వర సిద్ధాంతి ముందుకొచ్చాడు. ఆయనకు గ్రహగజకేసరి అని బిరుదు. ఇంతవరకూ దుర్భిణిలో కన్ను పెట్టలేదు. శాస్త్రం చూసినవాడు చుక్కను చూడనక్కర్లేదని ఆయన నమ్మకం.

"మహాప్రభో, ఇది మైల. సంతలో ఎవరు పడితే వాళ్ళు ఆ గ్రహాన్ని చూశారు. పామర దృష్టి సోకింది. ఇక కొలువు మర్యాద ఎక్కడిది? ఈ గొట్టం పగలగొట్టించండి. పొద్దుగూకాక ప్రజలెవరూ తలెత్తరాదని చాటించండి."

"అలాగే! సుత్తి తెండి. దండోరా వాణ్ణి పిలవండి" అన్నారు రాజుగారు.

సుత్తి వచ్చింది. బాచన్నకంటూ ఉన్న ఆస్తి ఆ గొట్టమే. అది పోతే రేపు సాయంత్రం వరసలో నిలబడేవాళ్ళకు ఏం చూపిస్తాడు, తన ముఖమా? అది వాళ్ళు ఎప్పుడో చూసేశారు.

"ప్రభూ, పగలగొట్టే ముందు ఒక్క మాట. దండోరా ఏమని వేయించమంటారు?"

"జరిగినదే చెప్పమను."

"చిత్తం. 'బృహస్పతి మన రాజుగారి ముఖం కాసేపు చూసి, సెలవైనా అడక్కుండా లేచిపోయాడహో' అనే కదా? పొరుగు రాజుగారి వేగులు ఊళ్ళోనే ఉన్నారు. సంగతి వాళ్ళకూ తెలుస్తుంది. ఆ అట్ల పోలవ్వ ముందు మాత్రం రోజూ బుద్ధిగానే నిలబడ్డాడనీ తెలుస్తుంది."

రాజుగారు సుత్తివాడికి ఆగమని సైగ చేశారు.

"మరి... ఇంకోలా చెప్పకూడదా?"

"చెప్పవచ్చు ప్రభూ. బృహస్పతి అంగుళం కదల్లేదు. చేతులు కట్టుకుని అక్కడే ఉన్నాడు. భూమే తిరిగింది. మేడ, సింహాసనం, తమరు, అన్నీ కలిసి హుందాగా పక్కకు తిరిగారు. అంటే సెలవిచ్చింది తమరే."

"అపచారం!" అని అరిచాడు సిద్ధాంతి. "భూమి అచలం! కదలదు!"

"కదలదంటే సరే స్వామీ. అయితే బృహస్పతే రాజుగారిని కాదని పోయాడన్నమాట. మీ నోటితోనే చెప్పండి, నేను దండోరా వాడికి అప్పజెబుతాను."

రాజుగారు సిద్ధాంతికేసి తిరిగారు.

"సిద్ధాంతీ, సూటిగా చెప్పు. భూమి తిరుగుతుందా, తిరగదా?"

సిద్ధాంతి సుత్తిని చూశాడు, రాజుగారి మీసం చూశాడు.

"తిరుగుతుంది మహాప్రభో. తమ ఏలుబడిలో... నిరాటంకంగా తిరుగుతుంది."

"నాకు ముందే అనిపించింది. భోజనం చేసి లేచినప్పుడల్లా కాస్త తిరుగుతూనే ఉంటుంది" అన్నారు రాజుగారు.

బాచన్న గొట్టాన్ని వేలితో రవ్వంత తోశాడు. రాజుగారు మళ్ళీ కన్ను పెట్టారు. బృహస్పతి అక్కడే ఉన్నాడు, పరివారంతో సహా.

"ఉన్నాడు! నిలబడే ఉన్నాడు!"

"తమకోసమే ప్రభూ. కాని దీనికి సాక్ష్యం కావాలి. కొలువులో వాళ్ళు చెబితే జీతానికి చెప్పారంటారు. ఊరందరూ సంతలో తమ కళ్ళతో చూడాలి."

"చూడాల్సిందే! చూడనివాడికి శిక్ష!"

"శిక్షెందుకు ప్రభూ, పోలవ్వ అట్లు చాలు జనం చేరడానికి. మనిషి మనిషికీ గొట్టం జరిపేవాడు మాత్రం ఒకడు కావాలి. భూమి తిరుగుతుందని నిండు కొలువులో నిర్ధారణ చేసిన పండితుడైతే ఎంతో గౌరవం."

మర్నాటి సాయంత్రం రాజుగారు పల్లకీలో సంతకు వచ్చి చూశారు. గ్రహగజకేసరి శాలువా నడుముకు బిగించి, వంగి, గొట్టం జరుపుతున్నాడు. "స్వామీ, సరిగ్గా పెట్టండి, నాకు చీకటే కనబడుతోంది. అవతల అట్టు మాడిపోతోంది" అని పోలవ్వ ఆయన్ని గదమాయిస్తోంది.

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి, బాచన్నను దగ్గరకు పిలిచి, గొంతు తగ్గించారు.

"నన్ను బుట్టలో వేశావు కదూ?"

"లేదు ప్రభూ. భూమిని కాస్త తిప్పానంతే."

రాజుగారు మళ్ళీ నవ్వి, భుజం మీది జరీ ఉత్తరీయం తీసి బాచన్నకు కప్పారు. పల్లకీ మలుపు తిరగగానే బాచన్న దాన్ని తీసి, మంచు పట్టకుండా దుర్భిణికి చుట్టాడు.

పోలవ్వ మాడిన అట్టు తిరగేస్తూ అడిగింది: "బాచన్నా, భూమి తిరుగుతుందంటివి కదా. మరి నా పెనం మీద పిండి జారిపోదేం?"

బాచన్న నోరు తెరిచాడు. ఎప్పటిలాగే ఏదో ఒకటి నాలుక చివరికి వచ్చేసింది. కానీ పక్కన సిద్ధాంతి, గొట్టం జరపడం ఆపి మరీ చెవి ఒగ్గి ఉన్నాడు, ఈసారి నిజంగానే తెలుసుకోవాలని.

"ఏమో అవ్వా," అన్నాడు బాచన్న. "అది నేనింకా నేర్చుకోలేదు."