గాదె వెనక దాచిన పిల్లి

అనగా అనగా, వేగిన బొరుగుల వాసనతో తెల్లవారే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో వేడి ఇసుకలో బియ్యం వేయించి బొరుగులు చేసే ఓబుళమ్మకు ఒక పిల్లి, ఒక కుక్క. పిల్లి పేరు గవ్వ, కుక్క పేరు భైరవుడు. ఆ కాలంలో కుక్కలు మాట్లాడేవి. మనుషులకూ జంతువులకూ మందిచ్చే సోమయ్య అనే వైద్యుడు, కుక్కలకూ పిల్లులకూ పిచ్చి రోగం రాకుండా సూదిమందు కూడా వేసేవాడు. అప్పట్లో సూదిమందెక్కడిదని అడగకండి. కుక్క మాట్లాడితే నమ్మినవాళ్ళు సూదిని నమ్మలేరా?

ఏటా సోమయ్య వీధిలోకి వస్తే ఓబుళమ్మ భైరవుణ్ణి తీసుకెళ్ళేది. గవ్వను మాత్రం వడ్ల గాదె వెనక దాచేది.

"పిచ్చి పట్టేది కుక్కలకు గదా, పిల్లులకు యాడిది? నా గవ్వ గడప దాటదు," అని వీధంతా వినేలా అనేది. ఆ మాట నమ్మి ఇంకో నలుగురు తమ పిల్లుల్ని దాచుకున్నారు.

ఒక ఎండాకాలం గవ్వ తీరు మారింది. ఎవరెత్తుకున్నా జారిపోయే పిల్లి ఆ రోజు ఓబుళమ్మ ఒళ్ళో దూరి కొంగు వదల్లేదు. ఓబుళమ్మ మురిసింది, అయినా ఎందుకో గుబులుగానే ఉంది.

"కడుపుతో ఉందేమో అక్కా," అంది పక్కింటి కుండలామె.

రెండో రోజు గవ్వ గాదె కింది చీకట్లో నక్కింది. పిలిస్తే రాలేదు, పాలు ముట్టలేదు.

"దిష్టి తగిలింది," అన్నాడు ఎదురింటి దర్జీ. ఓబుళమ్మ ఉప్పు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. నిన్న అంత ముద్దు, ఈ రోజు ఇంత అలకేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

మూడో రోజు గవ్వ గొంతు మారింది. వెనక కాళ్ళు తడబడ్డాయి. నోటి వెంట చొంగ కారింది. పాలగిన్నె దగ్గరికి జరపబోతే ఓబుళమ్మ వేలు పటుక్కున కొరికింది. ఆవగింజంత రక్తం. ఆమె కొంగుకు తుడుచుకుంది.

"గొంతులో ముల్లు ఇరుక్కుంది. నోట్లో వేలు పెట్టి లాగు," అన్నాడు చేపలమ్మే గంగులు.

ముగ్గురు మూడు చెప్పారు. మూడూ నిజమే అనిపిస్తాయి, మూడూ కావనీ అనిపిస్తాయి. ఇది గవ్వేనా, గవ్వ తోలు కప్పుకుని వచ్చిన ఇంకేదైనానా? ఏమీ తోచక, ఓబుళమ్మ పిల్లి నోటి వైపు చెయ్యి చాచింది.

"ఆగు అవ్వా," అన్నాడు భైరవుడు. "రెండు నెలల కిందట పెరటి కంచెలో దూరిన నక్క గవ్వ మెడ కొరికింది. తరమబోతే దాని పన్ను నాకూ తగిలింది. గవ్వ గడప దాటదని నువ్వు అందరికీ చెబుతా ఉంటే, నిన్ను చిన్నబుచ్చలేక నోరు మూసుకున్నా. తప్పు చేసినా."

ఓబుళమ్మ గవ్వను లోపలే ఉంచి తలుపుకు గడియ పెట్టి, సోమయ్యకు కబురంపింది. ఆయన కిటికీలోంచి చూశాడు. మొహం వాడిపోయింది.

"అమ్మా, నిన్ను కరిచిందా?"

"లేదు సామీ." చుట్టూ వీధి వీధంతా నిలబడి ఉంది మరి.

"పోనీ, రక్కిందా?"

"గోరు గీసిందో, ముల్లు గీసిందో, గుర్తులేదు." చెబితే తన మాట తప్పని తేలిపోతుంది. చెప్పకపోతే ఇంత చిన్న గాటుకు ఏమవుతుందిలే? ఏమీ కాదా మరి? ఆమెకు రెండు వైపులా భయమే.

సోమయ్య మూడోసారి మెల్లగా అన్నాడు. "ఈ పిచ్చి రోగం పైకి తేలాక నా దగ్గర మందు లేదు. ఏ రాజు దగ్గరా లేదు. తేలకముందైతే ఉంది. ఆలోచించుకుని చెప్పమ్మా."

ఓబుళమ్మ వేలు చాచింది. "కరిచింది సామీ. పిల్లులకు రాదని నేనే అందరికీ చెప్పినా. వస్తుంది. నా మాట విని పిల్లుల్ని దాచినోళ్ళు బయటికి తీసుకురండి."

సోమయ్య ఆ వేలిని సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పావుగంట సేపు కడిగించాడు. కుండలామె కారం తెస్తే, "కారం, సున్నం, పసరు, ఏదీ పెట్టకూడదు," అని వెనక్కి పంపాడు. గాటు చుట్టూ సూదితో మందు ఎక్కించాడు, భుజానికి ఇంకో సూది వేశాడు. మళ్ళీ రావలసిన రోజులు చెప్పాడు. ఓబుళమ్మ ఒక్కటీ తప్పలేదు, బతికింది. భైరవుడికీ మరో సూది పడింది, వాడూ బతికాడు. గవ్వ మాత్రం మర్నాడే పోయింది.

"ముద్దు చేస్తున్నాననుకుని దాచి చంపుకున్నా," అని ఓబుళమ్మ చాలా రోజులు ఏడ్చింది. ఆ మొదటి రోజు గవ్వ ఒళ్ళోకి వచ్చింది రోగం వల్లనా, కాపాడమని అడగడానికా? అది ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

మరుసటి ఏడు సోమయ్య వచ్చేసరికి వరసలో అందరికన్నా ముందు ఓబుళమ్మ నిలబడి ఉంది. చేతిలో బొరుగుల గంప, గంపలో గోల పెడుతున్న చారల పిల్లికూన. ఆమె వెనక, ఆ వీధిలోని పిల్లులన్నీ ఉన్నాయి.

కాబట్టి పిల్లలూ, పెంచుకున్న ప్రాణికి ముందుగా సూది వేయించడమే అసలైన ముద్దు. కాటు ఆవగింజంతే అయినా దాచకుండా చెప్పడమే తెలివి.