గవర్రాజు ఇంటివాళ్ళు దర్జీల సభకి మర్యాద నేర్పిన వైనం

గాదెలపాలెంలో తెలివంతా ఒక్క ఇంట్లోనే కాపరముంటోందని ఆ ఇంట్లోవాళ్ళే చెప్పుకుంటారు. ఇంటి పెద్ద దర్జీ గవర్రాజు, అతని భార్య పైడితల్లి, తమ్ముడు అప్పన్న. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివని వాళ్ళ నమ్మకం. ఎవరో పొట్టి చొక్కా కుట్టమంటే జానెడు చొక్కా కుట్టిచ్చిన ఘనుడు గవర్రాజు.

అలాంటివాళ్ళకి జిల్లా దర్జీల మహాసభ ఏర్పాట్లు అప్పగించారు. ఎందుకు అప్పగించారని నన్నడక్కండి, నాకు కోపమొస్తుంది. పైగా సంఘం అధ్యక్షుడు లింగమూర్తి గారు ఒక కాగితం పంపించారు. సభలో అందరినీ కలుపుకుపోవాలి, ఎవరినీ చిన్నబుచ్చకూడదు, ఇలా ఇలా నడుచుకోవాలి అని.

ఆ కాగితం మహబూబ్ బీ వల్ల వచ్చింది. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని కుడుతుంది. ఒక కాలు సరిగా లేదు. ఇంట్లో కుట్టే ఆడవాళ్ళకి సంఘం కార్డు ఇవ్వరు, కార్డు లేకపోతే బడిపిల్లల యూనిఫారాల పని రాదు. కార్డులు అడుగుదామని నాలుగేళ్ళుగా సభకి వస్తోంది. నాలుగేళ్ళుగా మైకు ఆవిడ దాకా రాలేదు. ఈసారి తప్పకుండా మాట్లాడిస్తామని అధ్యక్షుడు మాటిచ్చారు. కానీ హాలు ఒంటిగంట వరకే, ఆ తర్వాత పెళ్ళివారిది.

కాగితంలో మొదటి మాట, పెద్దా చిన్నా తేడా లేకుండా అందరికీ ఒకే గౌరవం. గవర్రాజు చూస్తే శాలువా ఒకటే ఉంది, వచ్చేవాళ్ళు రెండొందల పన్నెండు మంది. అంతే, కత్తెర తీశాడు. టేపుతో కొలిచి, సుద్దతో గీసి, రెండొందల పన్నెండు ముక్కలు చేశాడు. దర్జీ కదా, ఒక్క ముక్కా వంకర పోలేదు. అధ్యక్షుడి వంతు ముక్క భుజం మీద పెడితే, ఆయన జేబురుమాలనుకుని మొహం తుడుచుకున్నారు.

రెండో మాట, మెట్లెక్కలేనివాళ్ళకి మెట్లవల్ల ఇబ్బంది రాకూడదు. ఓ చెక్కపలక వాలుగా వేస్తే పోయేది. అప్పన్న మెట్లే ఊడబీకేశాడు. ఇంకేముంది, ఇబ్బంది అందరికీ సమానమైపోయింది. అధ్యక్షుడు కుర్చీ వేసుకుని వేదిక ఎక్కబోయి, పొట్ట అంచుమీదా కాళ్ళు గాల్లోనూ పెట్టుకుని అక్కడే ఉండిపోయారు. అనుమతి లేనిదే ఎవరి ఒంటిమీదా చెయ్యి వెయ్యకూడదని కూడా కాగితంలో ఉందాయె. అప్పన్న పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, తమరు ఊ అంటే తోస్తాను. ఏ కాలు పట్టుకుని తొయ్యమంటారో కూడా సెలవియ్యండి" అన్నాడు.

అధ్యక్షుడు ఊ అన్నారు. ఏ కాలో చెప్పలేదని అప్పన్న ఆగిపోయాడు. చివరికి పాపం ఆయనే దొర్లుకుంటూ పైకి చేరి, ఇంక లేచే ఓపిక లేక వేదిక అంచునే బల్లా కుర్చీ వేయించుకుని కూలబడ్డారు.

మెట్లు పీకకముందే వేదికెక్కి కూర్చున్న మాజీ కార్యదర్శి నరసింగరావు గారు పదిన్నరకి మైకు పట్టుకున్నారు. వాళ్ళ తాతగారు కత్తెర కొన్న కథ మొదలెట్టారు. పన్నెండు కొట్టినా తాతగారు ఇంకా కొట్టు గుమ్మం దగ్గరే ఉన్నారు. మాట్లాడేవాళ్ళని మధ్యలో ఆపకూడదని కాగితం చెప్పింది కాబట్టి గవర్రాజు కాపలా నిలబడ్డాడు. అధ్యక్షుడు గంట కొట్టబోతే గంట లాక్కున్నాడు. దగ్గబోతే మంచినీళ్ళిచ్చాడు. ముందు వరసలో మహబూబ్ బీ గోడగడియారం వంక చూస్తూ కూర్చుంది.

పావుతక్కువ ఒంటిగంటకి ఆవిడ పైడితల్లితో మెల్లగా, "ఈ ఏడు కూడా ఐపోయినట్టేనమ్మా" అంది.

పైడితల్లి గబగబా కాగితం చూసింది. ఇంతవరకూ మైకు దక్కనివాళ్ళకి మైకు అందించాలని అందులో ఉంది. అంతే, వేదిక అంచు దగ్గరికెళ్ళి, నరసింగరావు గారి చేతిలోంచి మైకు లాగి మహబూబ్ బీకి అందించింది. నరసింగరావు గారు మైకు లేకుండానే మాట్లాడుతూ ఉన్నారు. ఆయన్నెవరూ ఆపలేదు కాబట్టి తప్పేం లేదు.

"మా చేతి బట్ట వేసుకున్నవాళ్ళెవరూ ఇది ఇంట్లో కుట్టారా, కొట్లో కుట్టారా అని అడగలేదు. మీరెందుకు అడుగుతున్నారు? మాకూ కార్డులివ్వండి" అంది మహబూబ్ బీ.

హాలంతా చేతులెత్తింది. తీర్మానం నెగ్గింది. మొదటి కార్డు ఆవిడకే ఇచ్చారు. నాకు ఈలవెయ్యాలనిపించింది.

తర్వాత తనకీ కార్డు కావాలని పైడితల్లి వచ్చింది. గవర్రాజు కొట్టు బట్టలకి కాజాలూ అంచులూ ఇరవై ఏళ్ళుగా ఇంట్లో కుడుతున్నది ఆవిడే. కాకపోతే, ఈమె కుట్టగా కళ్ళారా చూశానని పాత సభ్యుడెవరైనా సంతకం పెట్టాలి. మొగుణ్ణి పెట్టమన్నారు. గవర్రాజు కలం కింద పెట్టేశాడు.

"నేను చూళ్ళేదండి. నేను కొట్లో ఉన్నప్పుడు తను ఇంట్లో కుడతాది. చూడనిది చూశానని ఎలా రాసేది?"

జనం పగలబడి నవ్వారు. పైడితల్లి మాత్రం నవ్వలేదు. ఇరవై ఏళ్ళ కష్టం మరి, మొహం ఇంతైపోయింది. "ఐతే ఇప్పుడు చూడు" అని పైటకి గుచ్చుకున్న సూది తీసి దారం ఎక్కించింది. చేతికందిన గుడ్డ కుట్టమన్నాడు గవర్రాజు. వేదిక అంచున ఆవిడ చేతికి అందినవి రెండే, బల్లమీది గుడ్డా, అధ్యక్షుడి లాల్చీ అంచూ. రెండూ కలిపి టకటకా కుట్టేసింది.

ఒంటిగంట కొట్టింది. అధ్యక్షుడు వందనాలు చెప్పడానికి లేచారు. బల్లగుడ్డ ఆయనతో లేచింది, గ్లాసులు దొర్లాయి, పూలగుత్తి నరసింగరావు గారి ఒళ్ళో పడింది. అధ్యక్షుడు ఎంత లాగినా కుట్టు ఊడలేదు. మహబూబ్ బీ కుంటుకుంటూ వచ్చి కుట్టుమీద వేలు పెట్టి చూసింది.

"మంచి పనితనం. సంతకం పెట్టు గవర్రాజూ" అంది.

పెట్టాడు. పైడితల్లి కార్డు కళ్ళకద్దుకుంది. అధ్యక్షుడు ఇక కుట్టు విప్పమని బతిమాలారు. గవర్రాజు ఒప్పుకోలేదు. విప్పేస్తే తను చూసింది లేకుండా పోతుందనీ, అప్పుడు సంతకం అబద్ధమైపోతుందనీ, సంఘానికే మచ్చ అనీ అన్నాడు. పెళ్ళివారు వచ్చేస్తున్నారు, వాదించే వేళ లేదు.

అంతే, అధ్యక్షుడు బల్లగుడ్డతోనే బస్సెక్కారు.