రొండిన దాచిన స్టాంపు

"తప్పు చేసినవాళ్ళని పట్టుకోవడం కూడా తప్పేనా స్వామీ?" అని అడిగారు వేదాద్రిగారు. ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగిరీ వెలగబెట్టి మా ఆశ్రమంలో చేరిన మనిషి. ఆయన సందేహం అడిగినా సంజాయిషీ అడిగినట్టే ఉంటుంది. అంతకు మూడు రోజుల ముందు, స్వామివారు ఊళ్ళో లేని వేళ, వంట చేసే మంగాయమ్మ కొంగున ముడి కనబడితే భోజనాల పంక్తిలో అందరి ముందూ విప్పించారు. పిడికెడు కందిపప్పు బయటపడింది. ఆవిడ గరిటె కింద పెట్టి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆ పంక్తిలో నేనూ ఉన్నాను. ఒక్క మాట అనకుండా తల వంచుకుని అన్నం కలుపుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సదానందస్వామివారికో అలవాటుంది. ఆశ్రమానికి వచ్చే కవర్ల మీది స్టాంపులు ఊడదీసి, ఆరబెట్టి, కాకినాడలో పక్షవాతంతో మంచం పట్టిన ఒక భక్తుడికి పంపుతారు. పాపం, ఆయనకు తన స్టాంపుల ఆల్బమే లోకం. "ఇవాళ ఈ పని నువ్వు చూడు నాయనా" అంటూ గోరువెచ్చని నీళ్ళ బేసిను వేదాద్రిగారి ముందుకు జరిపారు. "నానితే జిగురు దానంతటదే వదులుతుంది. నువ్వు లాగకు."

కత్తిరించిన కవరు ముక్కలు నీళ్ళలో తేలుతున్నాయి. వాటిలో ఒకటి మారిషస్ నుంచి వచ్చింది, ఎర్ర పిట్ట బొమ్మతో. ఆ దేశానిది తన దగ్గర ఒక్కటీ లేదని కాకినాడ ఆయన ఏడాదిగా రాస్తున్నాడు. వేదాద్రిగారికి ఓపిక ఎక్కడిది? మూల కాస్త లేచిందో లేదో గోటితో పట్టి లాగారు. పిట్ట మెడ దగ్గర రెండుగా చిరిగింది.

ఆయన అటూ ఇటూ చూశారు. స్వామివారు ఉత్తరాలు చదువుకుంటున్నారు. నేను చూడనట్టు నటించాను, ఆ విద్య నాకు అప్పటికే వంటబట్టింది. కవరు ముక్కతో సహా గబుక్కున రొండిన దోపుకున్నారు. తెల్ల పంచె మీద తడి పాకింది.

అంతలో టీకి పదిమందీ వచ్చి కూర్చున్నారు. పొద్దున టపా తెచ్చిన ఒకాయన బేసినులోకి తొంగిచూసి, "మారిషస్‌ది కనబడదేమండీ?" అన్నాడు. వేదాద్రిగారి చెయ్యి రొండి మీదికి పోయింది. స్వామివారు తలెత్తారు. ఆ తడి మచ్చను చూశారు, నాకు బాగా తెలుసు.

"వేదాద్రీ, పంచె తడిసింది. వెళ్ళి మార్చుకో, జలుబు చేస్తుంది" అన్నారు. అడిగినాయనకు టీ గ్లాసు అందించి, ఆయన మనవరాలి పరీక్షల సంగతిలోకి దింపారు.

వేదాద్రిగారు పంచె మార్చుకోలేదు. అలాగే మంగాయమ్మ ఇంటికి నడిచారు. గుమ్మంలో చేతులు జోడించి, "అమ్మా, బుద్ధి గడ్డి తిని నలుగురిలో నీ పరువు తీశాను. రేపటి నుంచి రా తల్లీ" అని బతిమాలారట.

ఆవిడ తలుపు పట్టుకుని నిలబడిందట. "మీ మీద కోపం లేదండి మాస్టారూ. పప్పు తీసుకోవడం నా తప్పేనండి. కానీ అంతమందీ నా కొంగు వంకే చూశారండి. మళ్ళీ వాళ్ళ విస్తళ్ళలో ఎలా వడ్డించనండి?"

సాయంత్రం ఆయన తిరిగి వచ్చి ఈ మాటలన్నీ చెప్పి, చిరిగిన ముక్కలు స్వామివారి పాదాల దగ్గర పెట్టారు. అంతటి హెడ్మాస్టరూ వెక్కి వెక్కి ఏడ్చారు. ఈసారి నేను తల తిప్పుకోలేదు.

"మీరు చూశారు స్వామీ. అందరి ముందూ నా రొండి ఎందుకు వెతికించలేదు?"

స్వామివారు ఆ ముక్కలను అరచేతిలోకి తీసుకున్నారు.

"వెతికిస్తే స్టాంపు దొరికేది నాయనా. అంతే."